పే స్లిప్పులో చిన్న కోత: మాయన పోలీసు సంఘానికి నా మార్కులు

మిక్సీ కొన్నా, చీర కొన్నా, తిరుపతిలో లీలామహల్ దగ్గర కొత్త హోటల్లో దోశ తిన్నా ఎట్లుందో రాసి పెట్టడం నాకలవాటు. చదివినోళ్లు "అక్కా, నీ మాట విని కొనలేదు, బతికిపోయినాం" అంటా ఉంటారు. మొన్న మాయన పే స్లిప్పు ముందేసుకుని లెక్క చూస్తా ఉంటే ఒక సంగతి తట్టింది. మిక్సీ మూడేళ్లకోసారి మారుస్తాం. ఈ కాగితంలో ఒక గడికి మాత్రం ఇరవై రెండేళ్లుగా డబ్బు కడతానే ఉన్నాం, అది ఎట్లా పనిచేస్తుందో ఒక్క ముక్క రాయలేదు. జీపీఎఫ్ అనే భవిష్యనిధి, ఏపీజీఎల్ఐ అనే ప్రభుత్వ జీవిత బీమా, ఆరోగ్య భద్రత, సొసైటీ లోను, వాటన్నిటి కింద సంఘం చందా. పోలీసు సంఘం.

మాయన హెడ్ కానిస్టేబులు. నేను కొర్లగుంటలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. రాస్తానని చెప్పగానే "రాయగాకు మే, నాకు తగులుకుంటుంది" అన్నాడు. పేర్లు రాయను, ఏ స్టేషనో చెప్పను అని ఒట్టేసినాక ఊరుకున్నాడు. బదిలీల పుణ్యాన మూడు జిల్లాలు తిరిగినాం కాబట్టి ఎక్కడి సంఘం గురించి చెప్తున్నానో మీరూ వెతకబాకండి. ఒకచోట నచ్చింది, ఇంకోచోట నచ్చనిది కలిపే రాస్తా. మాయన రాయకూడదు గానీ నేను రాయొచ్చు, దానికీ ఒక కారణం ఉంది.

దీన్ని బస్సోళ్ల యూనియన్‌తోనో బ్యాంకోళ్ల యూనియన్‌తోనో పోలిస్తే అన్యాయమే అవుతుంది. 1966లో పార్లమెంటు పోలీసు బలగాల హక్కులకు హద్దులు పెడతా ఒక చట్టం చేసింది. రాజ్యాంగంలో 33వ అధికరణం అందుకు దారిచ్చింది. పైవాళ్ల అనుమతి లేకుండా పోలీసు ఏ కార్మిక సంఘంలోనూ చేరకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. మీరితే రెండేళ్ల దాకా జైలు, లేదంటే 2,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. అందులో నాకు నవ్వొచ్చిన మాట ఒకటుంది. రాసేది అచ్చంగా సాహిత్యమో కళో శాస్త్రమో అయితే తప్పు లేదంట. అంటే మాయన పద్యం రాస్తే పర్వాలేదు, పద్దు రాస్తేనే తంటా. ఢిల్లీ పోలీసులు ఈ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా పోయినారు. 1986లో కోర్టు చట్టాన్నే నిలబెట్టింది. సంఘం పెట్టుకునే హక్కు ఉన్నంత మాత్రాన దానికి గుర్తింపు ఇచ్చి తీరాలని లేదు అనింది.

కాబట్టి మా సంఘం సమ్మె చేయదు, ధర్నాకు కూర్చోదు, జెండా పట్టుకుని రోడ్డెక్కదు. వినతిపత్రం ఇస్తుంది. ఇచ్చే మనిషి కూడా యూనిఫాం వేసుకున్నోడే, ఇచ్చేది తనకు బదిలీ వేయగలిగిన అధికారికే. ముందు సెల్యూట్ కొట్టాల, ఆ తర్వాత అదే చేత్తో కాగితం చాపాల. ఆ కాగితం ఎంత గట్టిగా రాస్తారో మీరే ఊహించుకోండి. ఇది తెలిసే నేను మార్కులేస్తున్నా. ఎందుకు పోట్లాడలేదని నేను అడగను. నేను అడిగేది వేరే.

అసలు కథకొస్తా. కొన్నేళ్ల కిందట బ్రహ్మోత్సవాలకు మాయనను కొండ మీద బందోబస్తుకు ఏసినారు. బ్రహ్మోత్సవాల బందోబస్తంటే చుట్టుపక్కల జిల్లాలన్నిటి నుంచీ పోలీసోళ్లు వస్తారు. అయిదో రోజు రాత్రి గరుడ సేవ. మాడ వీధుల గ్యాలరీల్లో జనం ముందు రోజు నుంచే చాపలేసుకుని కూర్చుంటారు. వాళ్లతో పాటే పోలీసోడూ. కాకపోతే జనం కూర్చోవచ్చు, పోలీసోడు నిలబడాల. మాయన ముందు రోజు సాయంత్రం నుంచి గ్యాలరీ దగ్గరే. మార్చే మనిషి రాలేదు. గరుడ సేవ అయి, జనం కదిలి, తెల్లారుజామున తోపులాట సద్దుమణిగినాక ఒక అరుగు మీద కూలబడినాడు. టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు, బెల్టు సడలించినాడు. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన అటుగా వచ్చినాడు.

నాలుగు రోజులకు మెమో. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, యూనిఫాం అమర్యాద, ఇంకా ఏమేమో. వారంలోగా వివరణ ఇయ్యాల. మాయనకు కోపం జాస్తి, రాత్రికి రాత్రి కూర్చుని రెండు పేజీలు రాసి పడేసినాడు. "నేను కూడా మనిషినే" అని మొదలుపెట్టినాడు, నేను అడ్డం పడినా వినలేదు. ఆ మాట అధికారి మనసులో ఏ గడిలో పడిందో గానీ ఓఈకి రాసినారు. ఓఈ అంటే ఓరల్ ఎంక్వైరీ. పోలీసిళ్లల్లో ఈ రెండక్షరాలు వింటే అన్నం దిగదు. ఇంక్రిమెంటు ఆపితే ఆ నష్టం రిటైరయ్యేదాకా జీతాన్ని తింటానే ఉంటుంది.

అప్పుడు ఎవరో చెప్తే పీలేరాయన దగ్గరికి పోయినాం. సంఘంలో పదవిలో ఉన్న మనిషి, రిటైరుమెంటుకు దగ్గర్లో ఉన్నాడు. పేరు రాయను, పీలేరు వైపు మనిషి కాబట్టి పీలేరాయన అంటాం. ఇంట్లో లుంగీ కట్టుకుని రాగి సంగటి తింటా ఉన్నాడు. కాగితాలు ఎడమ చేత్తో తీసుకుని చదివినాడు. చదివి సంగటి ముద్ద పళ్లెంలోనే పెట్టేసినాడు.

"ఈ వివరణ రాసింది ఎవుర్రా?"

"నేనేనన్నా."

"రాసే ముందు నాకొక ఫోను చేసుంటే ఏం పోయేది?"

మాయన తల వంచుకున్నాడు గానీ నేనే అడిగినా, "అన్నా, ఫోను చేయాలని మాకెవరు చెప్పినారు?" అని. ఆయన నా వంక చూసి, "అదీ నిజమేలేమ్మా" అని మళ్లీ సంగటి అందుకున్నాడు.

ఓఈలో లాయరును పెట్టుకోవడం మామూలుగా కుదరదు. కానీ ఉద్యోగుల క్రమశిక్షణకు పెట్టిన 1991 నాటి సీసీఏ రూల్స్ ప్రకారం ఇంకో ప్రభుత్వోద్యోగిని తోడుగా కూర్చోబెట్టుకోవచ్చు. డిఫెన్స్ అసిస్టెంట్ అంటారు. అన్నేళ్ల సర్వీసున్న మాయనకు ఆ సంగతి అరకొరగానే తెలుసు. నాకు అసలే తెలియదు. పీలేరాయన తానే కూర్చుంటానన్నాడు. గుడికి పోయినట్టు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చినాడు. అరవలేదు, బల్ల గుద్దలేదు. మొదటి రోజు కాగితాలు మాత్రం అడిగినాడు: డ్యూటీ చార్టు నకలు, జనరల్ డైరీలో ఎంట్రీలు, మాయన కొండకు బయలుదేరినప్పుడు రాసిన పాస్‌పోర్టు. పోలీసోళ్ల పాస్‌పోర్టంటే విదేశాలకు పోయేది కాదు, ఏ డ్యూటీకి ఎన్ని గంటలకు పోతున్నాడో రాసిచ్చే చీటీ. ఆ చీటీ మీది గంటనూ అరుగు మీద పట్టుకున్న గంటనూ పక్కపక్కన పెట్టి, మధ్యలో మార్చే మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదని చూపించినాడు. అంతే. ఇంకొక్క మాట మాట్లాడలేదు.

ఇంక్రిమెంటు పోలేదు. హెచ్చరికతో పోయింది. ఆ రోజు నేను పీలేరాయన ఇంటికి పులిహోర, పాయసం పట్టుకుపోతే ఆయన భార్య, "ఈయప్ప ఇట్లాంటివి ఏడాదికి ఎన్నో చేస్తాడు, ఇంట్లో ఫ్యాను రిపేరు మాత్రం చేయడు" అనింది.

ఈ పనికి అయిదుకు నాలుగు వేస్తున్నా. నిజానికి అయిదుకు అయిదూ ఇయ్యాల్సిన పని. ఒకటి ఎందుకు కోశానంటే, ఆ సాయం ఉందని తెలియడానికి మాకు అదృష్టం పట్టాల్సి వచ్చింది. మెమో వస్తే కోపంలో జవాబు రాయొద్దు, ఫలానా నంబరుకు ఫోను చేయి, తోడు మనిషిని అడగొచ్చు, కాగితాల నకళ్లు అడగొచ్చు. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద అచ్చేసి ప్రతి కొత్త కానిస్టేబులు చేతిలో పెట్టడానికి ఏమంత ఖర్చవుతుంది? ఏడాదికోసారి సంఘం వేసే క్యాలెండరు వెనక వేసినా చాలు. క్యాలెండరు మాత్రం భలే వేస్తారు, మందపాటి కాగితం, పైన స్వామివారు, కింద వరసగా ఫోటోలు. ఆ ఫోటోల్లో ఎవరికీ ఫోను నంబరుండదు.

ఇంక సమాచారం సంగతి. సంఘానికి వాట్సాప్ గ్రూపుంది. మాయన ఫోను ఒకరోజు నా దగ్గరే ఉంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా లెక్కపెట్టినా. అరవై మూడు మెసేజులు. కొత్తగా వచ్చిన అధికారికి పూలబొకే ఇస్తున్న ఫోటో, అదే ఫోటో ఇంకో మూలనుంచి, పుట్టినరోజు శుభాకాంక్షలు, శుభోదయాలు, చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో ఒక మహిళా కానిస్టేబులు పెట్టిన మెసేజు: "అన్నా, మనం అడిగిన మొబైల్ టాయిలెట్ ఈసారి జాతర బందోబస్తుకు వస్తుందా?" తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో. ఎండలో ఆడపిల్లలు గంటల తరబడి నిలబడాల, నీళ్లు తాగితే ఇబ్బందని నోరెండబెట్టుకుని నిలబడతారు. ఆ మెసేజు కింద జవాబు లేదు. దాని తర్వాత వచ్చింది ఇంకో పూలబొకే.

మా ఎదురింట్లో టీచరమ్మ ఉంది. వాళ్ల సంఘం పద్ధతి చూస్తే నాకు కడుపు మండుతుంది. ఒక జీవో వచ్చిందంటే అరగంటలో పీడీఎఫ్ ఫోనులో ఉంటుంది. గంటలో దాన్ని విడమరిచి, ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, బేసిక్ ఇంతుంటే చేతికి ఎంతొస్తుంది అని పట్టిక వేసి పంపుతారు. మాయన సరెండర్ లీవుల డబ్బు సంగతి (వాడుకోని సెలవులను ప్రభుత్వానికి ఇచ్చేసి తీసుకునే డబ్బు), డీఏ బకాయిల సంగతి అన్నీ నాకు తెలిసేది ఆ టీచరమ్మ దగ్గరే. పోలీసులకు మామూలు సరెండర్ లీవుతో పాటు అడిషనల్ సరెండర్ లీవు కూడా ఉంటుంది. వాటి డబ్బు నెలలూ ఏళ్లూ ఆగడం మన రాష్ట్రంలో అందరూ పేపర్లో చదివినదే. ఆగినందుకు సంఘాన్ని తప్పు పట్టను, ఖజానా తాళం వాళ్ల దగ్గర లేదు. ఎన్ని విడతలు ఆగింది, ఎప్పుడు అడిగినారు, ఏమి జవాబొచ్చింది అని రెండు వాక్యాలు రాయడానికి ఏ తాళమూ అక్కర్లేదు కదా. "మన సమస్యలు పెద్దల దృష్టికి తీసుకెళ్లడం జరిగింది" అని మాత్రం వస్తుంది. ఏ సమస్యలు, ఏ పెద్దలు, ఏ దృష్టి?

పీఆర్సీ, అంటే జీతాల సవరణ, గొడవ రోజుల్లో ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది. 2022 జనవరిలో ఫిట్‌మెంటు, అంటే బేసిక్ మీద పెంపు, 23 శాతమని జీవోలొచ్చినాయి. అంతకు ముందు మధ్యంతర భృతే 27 శాతం ఉండె. ఇంటద్దె అలవెన్సు కోత కూడా. ఉద్యోగులు, టీచర్లు మండిపడి ఫిబ్రవరి 3న చలో విజయవాడ అన్నారు. వాళ్లను ఆపడానికి ఊరూరా స్టేషన్లలో, చెక్‌పోస్టుల్లో పోలీసులు. మాయనకు రెండో తేదీ రాత్రి రైల్వే స్టేషన్ దగ్గర డ్యూటీ పడింది. ప్లాట్‌ఫారం మీద మా ఎదురింటి టీచరమ్మ, ఆమెతో మా పిల్లోడికి లెక్కలు చెప్పిన సారు. సారు నామం పెట్టుకుని, చేతిలో లడ్డూ సంచీ పట్టుకుని, యాత్రికుడి మాదిరి నిలబడినాడంట. మాయన గుర్తుపట్టినాడు. సారు కూడా గుర్తుపట్టినాడు.

"ఏమయ్యా, ఈ పీఆర్సీ నీ జీతానికి కాదా?" అన్నాడంట సారు, మెల్లిగా.

మాయన ఏమన్నాడో నాకు చెప్పలేదు. సారు రైలెక్కినాడా లేదా అన్నది కూడా చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు. సమ్మె నోటీసు ముందే ఇచ్చున్నారు, తర్వాత చర్చలు, సమ్మె విరమణ రెండు మూడు రోజుల్లో అయిపోయినాయి. ఇంటద్దె శ్లాబులు కొంచెం సవరించినారు. ఆ సవరణ మాయన జీతంలోకీ వచ్చింది. ఎవరిని ఆపమన్నారో వాళ్లు తెచ్చిన డబ్బు అది. ఆ నెల జీతం పడిన రోజు మాయన టీచరమ్మ ఇంటికి ఒక కేజీ మైసూర్‌పాక్ పంపించినాడు, కారణం చెప్పకుండా. ఆమె కూడా అడగలేదు.

అప్పుడు సంఘం బయటికొచ్చి అరవాలని నేననను. చట్టం నోరు కట్టేసింది. గ్రూపులో మాత్రం "కొత్త పీఆర్సీతో మన కానిస్టేబులుకు ఇంత, హెడ్డుకు ఇంత" అని ఒక పట్టిక వేసుంటే ఏ చట్టం అడ్డం పడేది? నేను టీచరమ్మ పట్టిక తెచ్చి, బేసిక్ మార్చి, కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని మాయన జీతం లెక్కగట్టినా. అది చూసి పక్కింటి కానిస్టేబులు భార్య, ఆమెను చూసి ఇంకో నలుగురు వచ్చినారు. ఆ వారం బ్లౌజులు ఆలస్యమైనాయి.

మా తమ్ముడు ఇంగ్లండులో లెస్టర్లో ఉంటాడు. వాళ్ల పక్కింటాయన అక్కడి పోలీసు. ఇదంతా ఫోనులో చెప్తే తమ్ముడు ఆయన్ని అడిగి చెప్పినాడు. అక్కడ కూడా పోలీసులకు సమ్మె హక్కు లేదంట. 1918లో, 1919లో పోలీసులు సమ్మె చేస్తే, 1919లో చట్టం తెచ్చి యూనియన్ వద్దన్నారు. దాని బదులు ఆ చట్టంతోనే ఒక ఫెడరేషన్ పెట్టినారు. రెండోసారి సమ్మెలో దిగినోళ్ల ఉద్యోగాలు పోయినాయి, మళ్లీ రాలేదు. అంటే నోరు కట్టేసిన సంగతి అక్కడా ఒకటే. కానీ అక్కడ విచారణ వస్తే తోడు కూర్చునే మనిషిని 'పోలీసు ఫ్రెండ్' అంటారంట, అడిగే హక్కు ఉందని ప్రతి కానిస్టేబులుకూ తెలుసంట. మాయన అది విని, "మన పీలేరాయనే కదా" అన్నాడు. పీలేరాయనే. కాకపోతే వాళ్లకు హక్కుగా దొరికే మనిషి మాకు పరిచయం మీద దొరికినాడు.

ఇంతసేపూ తిట్టినట్టుంది గానీ, ఒక్క చోట ఈ సంఘాన్ని కొట్టే సంఘం లేదు. చావింట్లో. మా వీధిలో ఉండే ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబులు డ్యూటీ నుంచి బండి మీద వస్తా లారీ కింద పడి పోయినాడు. అతని భార్య చిన్నపిల్ల, ముప్పై దాటలేదు, ఇద్దరు పిల్లలు. అరగంటలో సంఘం వాళ్లు నలుగురు ఆస్పత్రిలో ఉన్నారు. పంచనామా దగ్గర నిలబడింది వాళ్లే, అంత్యక్రియల ఖర్చుకు అడ్వాన్సు తెచ్చింది వాళ్లే, వానలో షామియానా గుంజలు పట్టుకుని నిలబడింది కూడా వాళ్లే. అంతకంటే పెద్ద పని తర్వాత మొదలైంది. కుటుంబ పింఛను, జీపీఎఫ్, ఇన్సూరెన్సులు, కారుణ్య నియామకం. ఒక్కోదానికి ఒక్కో ఫారం, ఒక్కో సర్టిఫికెట్టు, ఒక్కో బల్ల. ఆ పిల్లకు సంతకం పెట్టే చెయ్యి వణుకుతా ఉంటే నేను తోడు పోయేదాన్ని. జిల్లా పోలీసు ఆఫీసులో ఏ బల్ల దగ్గర ఏ కాగితం ఆగుతుందో సంఘం ట్రెజరరుకు కంఠతా వచ్చు. "ఈ సర్టిఫికెట్టు జిరాక్సు మూడు కాదమ్మా, అయిదు పెట్టుకో. రెండు పోగొడతారు" అన్నాడు. నిజంగానే రెండు పోయినాయి.

అక్టోబరు 21న అమరవీరుల దినం జరుపుతారు కదా. 1959లో లడఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల చేతిలో పదిమంది పోలీసులు చనిపోయిన రోజు. ఆ ఏడాది ఆ రోజు పరేడ్ గ్రౌండుకు ఆ పిల్ల రాలేదు. రోడ్డు ప్రమాదం కాబట్టి ఆమె భర్త పేరు ఆ జాబితాలో లేదు. ట్రెజరరు మాత్రం సాయంత్రం ఆమె ఇంటికి పోయి పిల్లలకు నోటుబుక్కులు ఇచ్చి వచ్చినాడు. ఫోటో తీయలేదు, గ్రూపులో పెట్టలేదు. అయిదుకు అయిదు. ఇంకో అరకూడా వేసేదాన్ని, నియమం ఒప్పుకోదు.

ఆరోగ్య భద్రత గురించి రెండు మాటలు చాలు. అది సంఘం నడిపేది కాదు, శాఖది, మాయన జీతంలోంచి చందా పోతుంది. జాబితాలో ఉన్న ఆస్పత్రికి పోతే మంచిదే. మా అత్తకు తుంటి ఎముక విరిగినప్పుడు కాగితాలు సంఘం వాళ్లు పరిగెత్తి తెచ్చినారు. ఆస్పత్రి జాబితా మారితే మాత్రం చెప్పేవాళ్లుండరు, స్ట్రెచర్ మీద మనిషిని పెట్టుకుని అడగాల.

వారాంతపు సెలవు. 2019 జూన్‌లో ప్రభుత్వం పోలీసులకు వారానికొక రోజు సెలవన్నప్పుడు మా ఇంట్లో పండగ. మాయనకు మంగళవారం పడింది. మొదటి మంగళవారం సినిమాకు పోయినాం, రెండోది నిద్రపోయినాడు, మూడోది కరెంటు బిల్లు కట్టొచ్చినాడు. ఆ తర్వాత బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, పెద్దోళ్ల పర్యటనలు. మంగళవారం పుస్తకంలో ఉండేది, ఇంట్లో ఉండేది కాదు. సంఘాన్ని అడిగితే నోటి మాటతో అడిగినాం అన్నారు. నోటి మాటకు నోటి మాటే జవాబు. రెండు.

ఇంక నేను రాయొచ్చు అన్నానే, ఆ సంగతి. 2024 అక్టోబరులో తెలంగాణలో స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కినారు. మా మొగుళ్లు నెలల తరబడి ఇంటికి రారు, రాష్ట్రమంతా పోలీసులకు ఒకే విధానం పెట్టండి అని. తర్వాత కానిస్టేబుళ్లు కూడా కలిసినారు. 39 మందిని సస్పెండు చేసినారు, పదిమందిని ఉద్యోగంలోంచే తీసేసినారు. ఆ వారం మా వీధిలో పోలీసు భార్యలం సాయంత్రం పాలప్యాకెట్ల కొట్టు దగ్గర ఆగి ఇదే మాట్లాడుకున్నాం. "మనమూ పోదామా అక్కా" అని ఒకమ్మాయి. 1966 చట్టం భార్యల మీద లేదు. కానీ శిక్ష మొగుడికి వస్తే చట్టం ఎవరి మీదుంటే ఏం? ఆ రాత్రి మా గ్రూపులో ఏదో ఒక మాట వస్తుందని చూసినా. కుటుంబాలు సంయమనం పాటించాలని ఒక్క లైను వచ్చింది. మా కుటుంబాలకు ఏ బాధ ఉందో అడిగే లైను రాలేదు. దీనికి మార్కు వేయను, వేస్తే మాయన ఒట్టు గుర్తుచేస్తాడు.

మొత్తం కలిపితే అయిదుకు మూడు. పోలీసును పెళ్లి చేసుకునే ఆడపిల్లలకు చెప్తున్నా, చందా దండగ కాదు, మానుకోమని చెప్పకండి. మెమో వస్తే రాత్రికి రాత్రి జవాబు రాయనీయకండి, పెన్ను దాచేయండి. డ్యూటీకి పోయిన ప్రతిసారీ పాస్‌పోర్టు ఫోటో తీసి పెట్టుకోమనండి. జీవోల కోసం ఎదురింట్లో ఒక టీచరమ్మను వెతుక్కోండి.

రాసినాక పీలేరాయనకు చదివి వినిపించినా. క్యాలెండరు దగ్గర నవ్వినాడు, టాయిలెట్టు దగ్గర నవ్వలేదు. ఆ నాలుగు మాటల కాగితం నువ్వే రాసియ్యమ్మా, నేను జిరాక్సు తీయిస్తా అన్నాడు. రాసిచ్చినా. రుయా ఆస్పత్రి ఎదురుగా జిరాక్సు కొట్లో వంద తీయించినాడు, సొంత డబ్బుతో. అడుగున తన నంబరే వేసుకున్నాడు. ఆయన రిటైరయ్యేది వచ్చే మార్చిలో. మా ఫ్రిజ్ మీద అంటించిన కాపీలో ఆ నంబరు పక్కన కొంచెం ఖాళీ వదిలినా. అక్కడ ఎవరి నంబరు రాసుకోవాల్నో ఇంకా ఎవరూ చెప్పలేదు.